ఇంజిన్ కోసం ఎదురుచూసిన డిజైనర్.. కుర్ట్ టాంక్

మిగ్-21 గరిష్ఠ వేగం ధ్వని వేగానికి రెట్టింపు, అంటే మ్యాక్ 2. మన తేజస్‌ది మ్యాక్ 1.6. మొదటిది 1950ల నాటి డిజైన్. రెండోది తొలిసారి ఎగిరింది 2001లో. ఏరోస్పేస్ కంపెనీ ఇంటర్వ్యూలో ఈ రెండు అంకెలూ ముందు పెట్టి, ఇదేంటి, కొత్త విమానం పాతదానికంటే నెమ్మదా అని అడిగితే ఏం చెబుతారు?

ప్రశ్న తమాషాగా ఉంటుంది కానీ చాలామంది ఇక్కడే తడబడతారు. యుద్ధవిమానం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది స్పీడే కదా. జవాబు పుస్తకంలో వెతకడం కంటే ఒక మనిషి జీవితంలో వెతికితే బాగా గుర్తుంటుంది. ఆయన పేరు కుర్ట్ టాంక్. పుట్టింది జర్మన్ సామ్రాజ్యంలో. భారతదేశపు తొలి జెట్ ఫైటర్‌ను డిజైన్ చేసింది బెంగళూరులో. మ్యాక్ 2 విమానం గీసి, చివరికి మ్యాక్ 1 దగ్గర ఆగిపోయిన విమానాన్ని చూసిన మనిషి.

పుట్టిన తేదీ 1898 ఫిబ్రవరి 24. ఊరు బ్రోమ్‌బెర్గ్. అది ఇప్పుడు పోలండ్‌లో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పోరాడారు. యుద్ధం అయ్యాక బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీలో చదివారు. ఏం చదివారో తెలుసా? ఏరోనాటిక్స్ కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. మా బ్రాంచి వేరే అండీ, ఏరోస్పేస్‌లోకి మమ్మల్ని ఎవరు తీసుకుంటారు అనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు. 1924లో రోర్‌బాఖ్ అనే లోహ విమానాల కంపెనీలో చేరారు. ఒకట్రెండు ఉద్యోగాలు మారి, 1931లో ఫోకే వుల్ఫ్‌కు వచ్చారు. అక్కడే డిజైన్ విభాగానికి పెద్ద అయ్యారు. తన విమానాలను తానే నడిపి పరీక్షించే అలవాటు ఆయనకుండేది. డ్రాయింగ్ బోర్డు మీద గీసిన గీత గాల్లో ఎలా ప్రవర్తిస్తుందో చేతికి తెలియాలన్నది ఆయన పద్ధతి.

ఆయన డిజైన్ చేసిన కాండర్ ప్రయాణికుల విమానం 1938లో బెర్లిన్ నుంచి న్యూయార్క్‌కు మధ్యలో ఎక్కడా ఆగకుండా 25 గంటల లోపే చేరింది. ఆ రోజుల్లో అది ప్రపంచ వార్త. అయితే ఆయన పేరు నిలబెట్టింది మాత్రం 1939 జూన్ 1న తొలిసారి ఎగిరిన ఎఫ్‌డబ్ల్యూ-190 ఫైటర్.

అప్పట్లో జర్మనీలో ఫైటర్ అంటే మెసర్‌ష్మిట్ బీఎఫ్-109. సన్నటి ముక్కు, నీళ్లతో చల్లబడే ఇంజిన్. పందెం గుర్రంలాంటిది. టాంక్ అశ్వికదళంలోనూ పనిచేసినవాడు. యుద్ధంలో పందెం గుర్రాలు ఎంతోకాలం నిలవవని, బురదలోనూ వానలోనూ సరిగా మేత దొరక్కపోయినా నడిచే సైనిక గుర్రం కావాలని ఆయన అభిప్రాయం. పైగా మంచి నీటి ఇంజిన్లన్నీ మెసర్‌ష్మిట్‌కే పోతున్నాయి. అందుకని టాంక్ గాలితో చల్లబడే బీఎండబ్ల్యూ రేడియల్ ఇంజిన్‌ను ఎంచుకున్నారు. ఫైటర్‌కు అంత లావు ముక్కు ఏంటని విమర్శించినవాళ్లున్నారు. మొదట్లో ఆ ఇంజిన్ వేడికి కాక్‌పిట్ పొయ్యిలా కాలిపోయేది కూడా. వాటన్నిటినీ సరిచేసి, చక్రాలు దూరదూరంగా పెట్టి, గతుకుల మైదానంలోనూ దిగేలా చేశారు. 1941లో ఆ విమానం ఇంగ్లిష్ చానెల్ మీదికి వచ్చేసరికి బ్రిటిష్ స్పిట్‌ఫైర్ 5 దాని ముందు తేలిపోయింది. 20 వేలకు పైగా తయారయ్యాయి.

అయితే ఆ ఇంజిన్ మరీ ఎత్తుకు వెళ్తే నీరసపడేది. యుద్ధం చివర్లో వేరే ఇంజిన్ పెట్టి, ముక్కు పొడుగు చేసి, కొత్త రకాలు తెచ్చారు. వాటిలో ఆఖరిది టీఏ-152. అందులోని టీఏ టాంక్ పేరులోని మొదటి రెండక్షరాలే. 1944 చివర్లో ఆయన స్వయంగా దాన్ని నడుపుతుండగా అమెరికన్ మస్టాంగ్‌లు ఎదురుపడ్డాయని, ఇంజిన్‌కు అదనపు బలమిచ్చే మీట నొక్కి అందకుండా వెళ్లిపోయారని విమాన చరిత్రకారులు చెబుతారు.

ఒక సంగతి దాటేసి పోకూడదు. ఈ విమానాలన్నీ హిట్లర్ సైన్యం కోసం తయారైనవి. ఆ ఫ్యాక్టరీల్లో బలవంతంగా పట్టుకొచ్చిన విదేశీ కార్మికుల చేత పనిచేయించారు. టాంక్ ఆ కంపెనీలో చిన్న ఉద్యోగి కాదు, పెద్ద స్థానంలో ఉన్నవాడు. ఆయన ప్రతిభను మెచ్చుకునే పుస్తకాలు ఈ పేజీని త్వరగా తిప్పేస్తుంటాయి. ప్రతిభ నిజం, ఇదీ నిజం.

కొత్త దేశం, కొత్త పేరు

జర్మనీ ఓడిపోయాక అక్కడ విమానాల తయారీని నిషేధించారు. 1947లో టాంక్ పెద్రో మాథీస్ అనే మారుపేరుతో అర్జెంటీనా చేరారు. అధ్యక్షుడు పెరోన్‌కు సొంత జెట్ ఫైటర్ కావాలి. కోర్దోబా నగరంలో టాంక్ బృందం పుల్కీ-2 తయారుచేసింది. వెనక్కి వాలిన రెక్కలు, రోల్స్ రాయిస్ నీన్ ఇంజిన్. 1950లో ఎగిరింది. 1951లో బ్యూనస్ ఎయిరీస్ ప్రజల ముందు దాన్ని నడిపి చూపించింది కూడా టాంకే. అప్పటికి ఆయనకు 50 ఏళ్లు దాటాయి. ప్రయోగాల్లో రెండు విమానాలు కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. 1955లో పెరోన్ ప్రభుత్వమూ కూలింది. దాంతో ఆ కథ అయిపోయింది.

సరిగ్గా అప్పుడే మన దేశం ఒక డిజైనర్ కోసం వెతుకుతోంది. 1956లో టాంక్ కొంతమంది జర్మన్ ఇంజినీర్లతో బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థకు వచ్చారు. ఇప్పటి హెచ్‌ఏఎల్ అదే. వైమానిక దళం అడిగింది మామూలు విమానం కాదు. మ్యాక్ 2 వేగం కావాలి, 60 వేల అడుగుల ఎత్తుకు ఎగరాలి, 800 కిలోమీటర్ల దూరం వెళ్లి పోరాడి తిరిగి రావాలి. గగనతలంలో పోరాటం, నేల మీది లక్ష్యాలపై దాడి రెండూ చేయాలి. అడుగుతున్నది ఎవరిని? అప్పటిదాకా ట్రైనర్ విమానాలు తయారుచేసి, లైసెన్సు మీద విదేశీ విమానాలు బిగించిన సంస్థను. జెట్ ఫైటర్ డిజైన్‌లో అనుభవమున్న భారతీయ ఇంజినీర్లు అప్పటికి దాదాపు లేరు. వి.ఎం.ఘాటగే నాయకత్వంలో ఉన్న కొద్దిమందీ, కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాళ్లూ టాంక్ దగ్గర పనిచేస్తూనే నేర్చుకున్నారు.

సౌకర్యాలు లేనిచోట టాంక్ పాత పద్ధతి పట్టారు. అసలు విమానం ఎంత ఉంటుందో అంత సైజులో చెక్కతో గ్లైడర్ చేయించారు. ఇంజిన్ ఉండదు. డకోటా విమానం దాన్ని తాడు కట్టి పైకి లాక్కెళ్లి వదిలేస్తే, పైలట్ గాల్లో తేలుతూ దింపాలి. 1959లో మొదలుపెట్టి పదేపదే అలా ఎగరేసి, నెమ్మదిగా వెళ్లేటప్పుడు రెక్కలు, చుక్కాని ఎలా స్పందిస్తాయో కొలిచారు. ఇవాళ హైటెక్ సిటీలో కూర్చుని సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్‌లో రాత్రికి రాత్రి నడిపించే సిమ్యులేషన్ ఉంది చూశారూ, అందులో ఒక ముక్కను ఆనాడు చెక్కతో, తాడుతో చేశారన్నమాట.

1961 జూన్ 17న బెంగళూరులో వింగ్ కమాండర్ సురంజన్ దాస్ హెచ్‌ఎఫ్-24ను తొలిసారి గాల్లోకి లేపారు. దాని పేరు మారుత్. ఐరోపా, అమెరికా, సోవియట్ యూనియన్‌కు బయట, ఆసియాలో జెట్ ఫైటర్ తయారుచేసిన దేశాలను అప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మరి తేడా ఎక్కడ కొట్టింది?

ఇంజిన్ దగ్గర. టాంక్ మారుత్‌ను గీసింది బ్రిటన్‌కు చెందిన బ్రిస్టల్ కంపెనీ తయారుచేస్తున్న ఆర్ఫియస్ 12 అనే ఇంజిన్‌ను మనసులో పెట్టుకుని. అలాంటివి రెండు పెడితే ఆఫ్టర్‌బర్నర్‌తో కలిపి దాదాపు 7.4 టన్నుల తోపుడు బలం వస్తుంది. ఆఫ్టర్‌బర్నర్ అంటే ఇంజిన్ నుంచి బయటికొచ్చే వేడి వాయువులో మళ్లీ ఇంధనం చల్లి మండించడం. ఇంధనం బాగా తాగుతుంది కానీ ఉన్నట్టుండి బలం పెరుగుతుంది.

ఆ ఇంజిన్‌పై నాటో దేశాలకు ఆసక్తి పోయింది. అభివృద్ధి పూర్తిచేయాలంటే ఖర్చు భరించమని కంపెనీ భారత్‌ను అడిగింది. మనవాళ్లు ఒప్పుకోలేదు. ఇంజిన్ ఆగిపోయింది. మిగిలింది ఆఫ్టర్‌బర్నర్ లేని ఆర్ఫియస్ 703. అవి రెండు కలిపినా 4.4 టన్నులే. మ్యాక్ 2 కోసం గీసిన శరీరం ఆ బలంతో 40 వేల అడుగుల ఎత్తున మ్యాక్ 1.02 దగ్గర ఆగింది. అప్పటి ప్రభుత్వానికి విదేశీ మారకం కొరత ఉందన్నది నిజమే. కానీ నా లెక్కలో మన విమాన చరిత్రలో అంత ఖరీదైన పొదుపు ఇంకోటి లేదు.

తర్వాత పదేళ్లూ ఇంజిన్ వేటే. సోవియట్ ఇంజిన్ ఒకటి పరిశీలించారు, కుదరలేదు. ఈజిప్టులో ఆస్ట్రియా ఇంజినీర్ బ్రాండ్నర్ ఈ-300 అనే ఇంజిన్ తయారుచేస్తుంటే మన దేశం అందులో చేరింది. ఇక్కడో విడ్డూరం ఉంది. ఈజిప్టు ఆ ఇంజిన్ పెట్టాలనుకున్న హెచ్‌ఏ-300 ఫైటర్ డిజైనర్ ఎవరనుకున్నారు? మెసర్‌ష్మిట్. జర్మనీలో ఇంజిన్ల కోసం టాంక్‌తో పోటీపడిన మనిషి, పాతికేళ్ల తర్వాత ఈజిప్టులో అదే ఇంజిన్ కోసం ఎదురుచూశారు. 1964లో ఆయన విమానాన్ని మొదట ఎగరేసింది మన వైమానిక దళ టెస్ట్ పైలట్ కపిల్ భార్గవ. అప్పటికి దానికీ పెట్టింది ఆర్ఫియసే. మారుత్‌లో ఒకవైపు ఈ-300 పెట్టి 1967లో ఎగరేసి చూశారు కూడా. 1969లో ఈజిప్టు ఆ ప్రాజెక్టే వదిలేసింది.

ఇక బెంగళూరులోని జీటీఆర్‌ఈ ఇంజినీర్లు ఉన్న ఆర్ఫియస్‌కే ఆఫ్టర్‌బర్నర్ తగిలించే ప్రయత్నం చేశారు. విమానం వెనక భాగం మార్చాల్సి వచ్చింది. 1970 జనవరి 10న ఆ మారుత్ టేకాఫ్ సమయంలో కూలి సురంజన్ దాస్ మరణించారు. మొదటి మారుత్‌ను లేపిన చేతులు అవే.

టాంక్ అప్పటికే లేరు. 1967లో భారత్ వదిలి జర్మనీ వెళ్లిపోయారు.

మారుత్ పనికిరాని విమానమా అంటే, అదీ కాదు. రెండు సీట్లవి కలిపి మొత్తం 147 తయారయ్యాయి. 1971 యుద్ధంలో రాజస్థాన్, సింధ్ సరిహద్దుల్లో రెండు వారాల్లో 300కు పైగా దాడులు చేశాయి. నేలకు దగ్గరగా ఎగిరేటప్పుడు గంటకు 1,100 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళ్లేది. ఆ ఎత్తులో పాకిస్థాన్ సేబర్‌లు దాన్ని అందుకోలేకపోయాయి. కాల్పుల్లో ఒక ఇంజిన్ పోయినా రెండో దానితో ఇల్లు చేరినవి ఉన్నాయి. ఆ యుద్ధంలో గాల్లో జరిగిన పోరాటంలో ఒక్క మారుత్‌నూ కోల్పోలేదు. ఉల్టా స్క్వాడ్రన్ లీడర్ బక్షీ మారుత్‌తో ఒక సేబర్‌ను కూల్చారు. నేల నుంచి జరిగిన కాల్పుల్లో మాత్రం కొన్ని పోయాయి. అంటే టాంక్ గీసిన శరీరం గట్టిది. సైనిక గుర్రమే వచ్చింది, పందెం మాత్రం గెలవలేదు.

ఇప్పుడు తేజస్‌తో పోల్చి చూద్దాం

మారుత్ ఖాళీ బరువు సుమారు 6,200 కిలోలు. తేజస్ ఖాళీ బరువు సుమారు 6,560 కిలోలు. దాదాపు ఒకటే. కానీ మారుత్ రెండు ఇంజిన్ల బలం 4.4 టన్నులైతే, తేజస్‌లో ఉన్న ఒక్క జీఈ ఎఫ్-404 ఇంజిన్ ఆఫ్టర్‌బర్నర్‌తో 8.6 టన్నులు ఇస్తుంది. ఆయుధాలూ ఇంధనమూ కలిపి మారుత్ గరిష్ఠంగా 10.9 టన్నులతో లేస్తే, తేజస్ 13.5 టన్నులతో లేస్తుంది. టాంక్ కోరుకున్న ఆర్ఫియస్ 12 దొరికి ఉంటే బలానికీ బరువుకూ నిష్పత్తిలో మారుత్ ఇవాళ్టి తేజస్‌కు తక్కువేమీ కాదు. ఈ కూడికలు భాగహారాలు మీరే కాగితం మీద చేసి చూడండి, అయిదు నిమిషాల పని.

అయితే తేడా బలంలోనే లేదు. మారుత్‌లో రాడార్ లేదు. పైలట్ కంటితో చూసి, నాలుగు 30 ఎంఎం తుపాకులతో దగ్గరికెళ్లి కాల్చాలి. తేజస్ రాడార్ పదుల కిలోమీటర్ల దూరంలో ఉన్న శత్రువును పట్టుకుంటుంది. దాని నుంచి వదిలే అస్త్ర క్షిపణి 100 కిలోమీటర్ల దూరం వెళ్తుంది. ఆ క్షిపణిని రూపొందించింది హైదరాబాద్ డీఆర్‌డీఎల్, తయారుచేస్తున్నది భారత్ డైనమిక్స్. శత్రువు మీకు కనిపించకముందే మీరు కాల్చగలిగితే, మ్యాక్ 2తో వాడి వెనక పరుగెత్తే పనేముంది? మొదట అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇదే. అసలు మ్యాక్ 2 వేగంలో ఏ ఫైటరైనా ఉండగలిగేది కొన్ని నిమిషాలే, ఇంధనం అయిపోతుంది. అందుకే అమెరికా ఎఫ్-35 కూడా మ్యాక్ 1.6 దగ్గరే ఆగింది, రఫేల్ 1.8 దగ్గర. డబ్బు, బరువు అంతా రాడార్‌కు, సెన్సర్లకు, శత్రు రాడార్‌కు చిక్కని ఆకారానికి పోతోంది.

మిగతా సగం జవాబు కంప్యూటర్. మారుత్ తనంతట తాను నిలకడగా ఎగిరేలా గీసిన విమానం. తేజస్‌ను కావాలనే నిలకడ లేకుండా గీశారు. అలాగైతేనే చటుక్కున తిరుగుతుంది. పడిపోకుండా దాన్ని ప్రతి క్షణం సరిదిద్దేది నాలుగు సమాంతర చానెళ్లున్న ఫ్లై బై వైర్ కంప్యూటర్. పైలట్ కర్ర కదిపితే అది ఆజ్ఞ కాదు, విన్నపం. రెక్కలు ఎంత కదలాలో నిర్ణయించేది సాఫ్ట్‌వేర్. విమానం బరువులో సుమారు 45 శాతం కార్బన్ కాంపోజిట్లు. ఈ కార్యక్రమాన్ని 1985 నుంచి నడిపించిన కోట హరినారాయణ తర్వాత మన గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ చాన్స్‌లర్‌గా వచ్చారు. ఆయన కెరీర్‌లో మొదటి సంస్థల్లో ఒకటి హెచ్‌ఏఎల్.

మరి ఇంజిన్? అదే కథ. తేజస్ కోసం జీటీఆర్‌ఈ మొదలుపెట్టిన కావేరి ఇంజిన్ కావాల్సినంత బలం ఇవ్వలేకపోయింది. 2008లో దాన్ని తేజస్ నుంచి విడదీశారు. 2021లో 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు ఆర్డరిస్తే, అమెరికా నుంచి ఇంజిన్లు ఆలస్యమై మొదటిది 2025 మార్చికి గానీ రాలేదు. శరీరం సిద్ధం, ఇంజిన్ ఇంకొకరి చేతిలో. టాంక్ ఉంటే ఆశ్చర్యపోయేవాడు కాదేమో.

ఇంజిన్ ఎందుకంత కష్టం? కంప్రెసర్, టర్బైన్ సూత్రాలు ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటాయి. చిక్కంతా లోహంలో. మండే గది నుంచి వచ్చే వాయువు వేడి, దాని ఎదురుగా తిరిగే టర్బైన్ బ్లేడు కరిగే ఉష్ణోగ్రతను మించి ఉంటుంది. ఆ బ్లేడు కరగకూడదు, సాగకూడదు. అందుకని బ్లేడు మొత్తం ఒకే స్ఫటికంగా పోతపోసి, లోపల సన్నటి గాలి దారులు పెడతారు. ప్రపంచంలో కొన్ని దేశాలకే ఆ విద్య తెలుసు, ఎవరూ నేర్పరు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్‌ఎల్ అలాంటి సింగిల్ క్రిస్టల్ బ్లేడ్లు 60 తయారుచేసి, 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం హెచ్‌ఏఎల్‌కు ఇచ్చింది. ప్రత్యేక మిశ్రమ లోహాలు చేసే మిధాని దాని పొరుగునే ఉంది. మెటలర్జీ బ్రాంచికి ప్లేస్‌మెంట్లు లేవని బాధపడేవాళ్లు ఈ రెండు పేర్లూ రాసుకోండి. డీఆర్‌డీవో ల్యాబుల్లో సైంటిస్ట్ పోస్టులకు గేట్ స్కోరు కావాలి, అదీ గుర్తుపెట్టుకోండి.

నగరానికి ఇటువైపు, మాదాపూర్‌లో వేరే రకం పని నడుస్తోంది. సైయెంట్, అది ఇన్ఫోటెక్‌గా ఉన్న రోజుల నుంచీ ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లకు డిజైన్ సేవలు అందిస్తోంది. ఆదిభట్లలో టాటా లాక్‌హీడ్ సంస్థ ఎఫ్-16 రెక్కలు చేస్తోంది. తేజస్ మార్క్-1ఏ మధ్య భాగాన్ని వెమ్ టెక్నాలజీస్ 2025లో ఇక్కడి నుంచే అందించింది. రఫేల్ శరీర భాగాలు కూడా హైదరాబాద్‌లో చేయడానికి దసో, టాటా సంస్థలు అదే ఏడాది ఒప్పందం చేసుకున్నాయి. ఉద్యోగాలున్నాయి. అయితే ఆఫర్ లెటర్ చూసేటప్పుడు ఒక్కటి అడిగి తెలుసుకోండి: ఆ డ్రాయింగ్ మీద నిర్ణయం తీసుకునేది మీ టీమా, లేక సముద్రానికి అవతల ఉన్న టీమా? రెండింట్లోనూ నేర్చుకునేది ఉంది, కానీ నేర్చుకునేది ఒకటే కాదు.

టాంక్ 1983 జూన్ 5న మ్యూనిక్‌లో కన్నుమూశారు. తేలికపాటి యుద్ధవిమానం ప్రాజెక్టుకు, అంటే తర్వాత తేజస్ అయినదానికి, మన ప్రభుత్వం అనుమతిచ్చింది కూడా ఆ ఏడాదే. చివరి మారుత్‌లు 1990లో సెలవు తీసుకున్నాయి. ఒకటి మ్యూనిక్ పక్కన ష్లైస్‌హైమ్‌లోని జర్మన్ మ్యూజియంలో ఉంది. అంత దూరం వెళ్లక్కర్లేదు, బెంగళూరు హెచ్‌ఏఎల్ మ్యూజియంలోనూ ఉంది. ఇంటర్వ్యూకి బెంగళూరు వెళ్లినప్పుడు ఓ పూట ఖాళీ దొరికితే చూసి రండి. అందరూ ముక్కు దగ్గర నిలబడి ఫొటో దిగుతారు. మీరు మాత్రం ఒకసారి తోక వైపు వెళ్లి, అంత పొడుగాటి విమానానికి పెట్టిన ఆ రెండు చిన్న గొట్టాలనూ చూడండి.